పోత ఇనుప వాఫల్ పెనం: తుప్పు వదిలించడం నుంచి వాఫల్ వడ్డించే దాకా

అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లోనూ, ఇళ్ల ముందు పెట్టే గరాజ్ సేల్స్‌లోనూ తరచుగా ఒక బరువైన ఇనుప వస్తువు కనిపిస్తుంది. రెండు గుండ్రటి పలకలు పుస్తకంలా ఒకదానిపై ఒకటి మూసుకుంటాయి, లోపలి వైపున గళ్లు ఉంటాయి, అడుగున మన కుండల కింద పెట్టే కుదురు లాంటి వలయం ఒకటి ఉంటుంది. విద్యుత్తు వంటింట్లోకి రాకముందు అక్కడివారు వాఫల్స్, అంటే రెండు వైపులా గళ్ల అచ్చు పడే మందపాటి అట్లు, కాల్చుకున్నది దీని మీదే. దీన్ని ముచ్చటపడి కొన్నవారిలో చాలామంది ఒకటి రెండు సార్లు పిండి పోసి, వాఫల్ నడుమకు చీలి సగం పైపలకకూ సగం కిందిపలకకూ అంటుకుపోవడం చూసి, విసిగి అటకెక్కిస్తారు. నేనూ మొదటి నెలంతా పిండి కొలతలు మారుస్తూ గడిపాను. తప్పు పిండిలో లేదని, పెనం సిద్ధం కాకముందే పోస్తున్నానని అర్థం కావడానికి చాలా మైదా ఖర్చయింది. అందువల్ల ఈ వ్యాసంలో పెనం గురించి ఎక్కువగానూ, పిండి గురించి తక్కువగానూ రాస్తున్నాను.

స్టవ్ మీద వాడే వాఫల్ పెనం రూపకల్పనకు న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ నగరవాసి కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869 ఆగస్టు 24న పేటెంట్ పొందాడు; అమెరికాలో ఏటా ఆ తేదీని వాఫల్ దినంగా జరుపుకొంటారు. తరువాతి కాలంలో పెన్సిల్వేనియాలోని ఈరీ నగరంలో గ్రిస్‌వోల్డ్, ఒహాయోలోని సిడ్నీ పట్టణంలో వాగ్నర్ అనే పోత ఇనుప కర్మాగారాలు ఈ పెనాలను విరివిగా తయారుచేశాయి. గ్రిస్‌వోల్డ్ కర్మాగారం 1957లో మూతపడింది. ఈ రెండు పేర్లు గల పెనాలే ఇప్పటికీ ఎక్కువగా దొరుకుతాయి, వాటికే గిరాకీ ఎక్కువ. అయితే పేరు లేని పెనం కూడా చక్కగా పోత పోసినదైతే అంతే బాగా పనిచేస్తుంది కనుక, పేరు కోసం అదనంగా డబ్బు పెట్టవలసిన అవసరం వంట చేసుకునేవారికి లేదని నా అభిప్రాయం.

కొనేటప్పుడు చూడవలసినవి

పెనానికి మూడు భాగాలుంటాయి: రెండు పలకలు, వాటిని మోసే కుదురు. పలకల అంచున ఉన్న ఇనుప గుండు కుదురులోని గుంటలో కూర్చుంటుంది, దానికి ఎదురుగా పిడి ఉంటుంది. పిడి పట్టుకుని మెలితిప్పితే మూసి ఉన్న పలకలు రెండూ కలిసి తిరగబడతాయి. పాత వస్తువులు అమ్మేవారు ఒక పెనం పలకను మరో పెనం పలకతో జతచేసి అమ్మడం మామూలే. కాబట్టి రెండింటినీ మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అంచు చుట్టూ సందు ఒకేలా ఉంటే అవి ఒక జతే, ఒక వైపు నోరు తెరుచుకుని ఉంటే వదిలేయండి. పలకను కీలు నుంచి విడదీసి, వేలికి తగిలించుకుని, చెక్క గరిటెతో తట్టి వినండి. మంచి కుండను తట్టినప్పటి మాదిరి ఖంగుమని మోగితే పగులు లేనట్టు, బొంగురుగా పలికితే కంటికి కనిపించని చీలిక ఎక్కడో ఉన్నట్టు. తుప్పు చూసి భయపడనక్కరలేదు కానీ, గళ్ల లోపల తుప్పు గుంటలు చేసి ఉంటే ఆ గుంటల్లో పిండి పట్టుకుంటుంది, నూనె పూసి కాల్చి ఎంత సీజనింగ్ చేసినా వదలదు.

అయస్కాంతం ఒకటి జేబులో ఉంచుకోవడం మంచిది. అది అంటుకోకపోతే ఆ పెనం అల్యూమినియంది, దాని శుభ్రత పద్ధతి వేరు. ఇంకో సంగతి, పూర్వం కొందరు పాత ఇనుప పాత్రల్లో తుపాకీ గుళ్ల కోసమో గాలపు బరువుల కోసమో సీసం కరిగించేవారు. వాఫల్ పెనంలో ఆ పని చేసే అవకాశం తక్కువే అయినా, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సీసం పరీక్ష పుల్లతో ఒకసారి రుద్ది చూసుకుంటే మనసు స్థిమితంగా ఉంటుంది.

పలక మీద 8 అనే అంకె ఉంటే దాన్ని అంగుళాల కొలత అనుకోకూడదు. అది ఆనాటి కట్టెల పొయ్యి మీద ఉండే రంధ్రపు సైజు. ఆ పెనంలో వచ్చే వాఫల్ సుమారు 7 అంగుళాలుంటుంది. కుదుర్లు కూడా రెండు రకాలు. పొట్టి కుదురు కట్టెల, బొగ్గుల పొయ్యిల కోసం చేసింది. పొయ్యి మీది ఇనుప మూత తీసి, ఆ రంధ్రం మీద కుదురు పెట్టేవారు కనుక, పలకలు తిరుగుతూ నడుమ నిలువుగా నిలబడినప్పుడు కింది సగం ఆ రంధ్రంలోకి దిగేది. ఇప్పటి గ్యాస్ స్టవ్ మీద అలా దిగేందుకు చోటుండదు కాబట్టి, పొట్టి కుదురు ఉన్నవారు తిప్పే ప్రతిసారీ పిడిని కాస్త పైకెత్తి తిప్పాలి. ఎత్తు కుదురు గ్యాస్, కిరోసిన్ స్టవ్‌ల కాలానికి చెందింది. ఇప్పుడు కొనేవారికి అదే సుఖం. గాజు పలక ఉన్న ఎలక్ట్రిక్ స్టవ్ మీద పలకలు వేడికి దూరంగా ఉండిపోతాయి, పైగా కుదురు గాజును గీస్తుంది. ఇండక్షన్ స్టవ్‌కైతే ఇది అసలు పనికిరాదు.

కరెంటుతో నడిచే పాత వాఫల్ యంత్రాలు కూడా, తళతళలాడే క్రోమియం పూతతో, ఇదే దుకాణాల్లో కనిపిస్తాయి. వాటి తీగలకు చుట్టిన గుడ్డ పొర చివికి ఉంటుంది, కొన్నింటి తీగల్లో ఆస్బెస్టాస్ కూడా ఉంటుంది. తీగ మార్పించి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించకుండా ప్లగ్గులో పెట్టకూడదు. వాటిని ఆంధ్రకో తెలంగాణకో తీసుకువెళ్లాలనుకునేవారు, అవి 110–120 వోల్టుల కోసం చేసినవని, మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతాయని గుర్తుంచుకోవాలి. పోత ఇనుప పెనానికి ఆ బెడద లేదు, దానికి కావలసింది మంట ఒక్కటే. సూట్‌కేసు బరువు మాత్రం మీరే చూసుకోవాలి.

పాత మడ్డిని వదిలించి, కొత్త పొర ఎక్కించడం

ఏళ్ల తరబడి మాడిన నూనె గళ్ల మూలల్లో నల్లని పెంకులా పేరుకుని ఉంటుంది. దాన్ని చాకుతో గీకితే ఇనుము గీతలు పడుతుంది. మంటల్లో వేసి కాల్చడం, ఓవెన్‌లోని సెల్ఫ్ క్లీనింగ్ వేడిలో పెట్టడం కూడా మంచివి కావు. ఆ వేడికి పలచని పలకలు వంగిపోవచ్చు, పగలవచ్చు. నిదానంగా అయినా పని పూర్తిగా చేసేది కాస్టిక్ సోడా. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో చన్నీళ్లు పోసి, లీటరుకు సుమారు 25 గ్రాముల చొప్పున సోడాను కొద్దికొద్దిగా ఆ నీళ్లలో కలపాలి. ఎప్పుడూ నీళ్లలో సోడా వేయాలే తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు, పోస్తే ఒక్కసారిగా మరిగి మీదకు చిమ్ముతుంది. రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లలు తిరిగే చోట ఆ బకెట్ ఉండకూడదు. పలకలను అందులో రెండు మూడు రోజులు నాననిస్తే మడ్డి మెత్తబడి బ్రష్‌కు ఊడివస్తుంది, ఇనుముకు మాత్రం ఏమీ కాదు. అల్యూమినియం పలకలను ఇందులో ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు; సోడా ఆ లోహాన్ని తినేస్తుంది, మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. నానబెట్టే ముందు చెక్క పిడులను మరలు విప్పి తీసేయాలి. మర బిగుసుకుపోతే రెండు చుక్కల నూనె వేసి రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి లొంగుతుంది.

మడ్డి పోయాక దాని కింద దాగిన తుప్పు బయటపడుతుంది. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, పలకలను అరగంటకు మించకుండా అందులో ఉంచి, గట్టి బ్రష్‌తో గళ్లన్నీ తోమండి. ఎక్కువసేపు ఉంచితే ఆమ్లం ఇనుమునే కొరకడం మొదలుపెడుతుంది. కడిగిన ఇనుము గాలికి వదిలితే మీ కళ్ల ముందే ఎర్రబారుతుంది కాబట్టి, వెంటనే తుడిచి వెచ్చని ఓవెన్‌లో పెట్టి తడి లేకుండా ఆరబెట్టాలి.

తరువాతిది సీజనింగ్, అంటే పెనాన్ని పదును చేయడం. పలచగా పూసిన నూనె ఎక్కువ వేడిలో గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, జిడ్డుతనం పోయి, ఇనుమును అంటిపెట్టుకునే గట్టి పొరగా మారుతుంది. ఇంట్లో దోసెల పెనం నున్నగా నల్లగా నిగనిగలాడేది కూడా ఈ పొర వల్లనే. తేడా ఏమిటంటే దోసెల పెనం సమతలంగా ఉంటుంది, ఒక ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి తుడిస్తే సరిపోతుంది. వాఫల్ పెనంలో మాత్రం ప్రతి గడికీ నాలుగు గోడలు, నాలుగు మూలలు ఉంటాయి, ఆ మూలల్లో నిలిచిన నూనె గట్టిపడకుండా బంకలా ఉండిపోతుంది. కాబట్టి సోయా నూనె గానీ కనోలా నూనె గానీ బ్రష్‌తో అన్ని వైపులా పూసి, ఆ పైన ఆ నూనె పొరపాటున ఒలికిందన్నట్టుగా పొడి గుడ్డతో మొత్తం తుడిచేయాలి. మూలల్లో మిగిలినదాన్ని చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లలతో తీయాలి. విసుగు పుట్టించే పనే అయినా ఫలితం అంతా ఇక్కడే ఉంది. ఆ తరువాత పలకలను తెరిచి, గళ్లు కిందికి ఉండేలా ఓవెన్‌లో బోర్లించి, 230 నుంచి 245 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటసేపు ఉంచి, ఓవెన్ ఆపి అందులోనే చల్లారనివ్వాలి. ఇలా మూడు సార్లు చేయండి. అవిసె నూనె వాడమని చాలామంది చెబుతారు, నేను వాడి చూశాను. చూడడానికి అద్దంలా వచ్చింది కానీ కొన్నాళ్లకు పొలుసులుగా రాలింది.

వేడి కుదిరిందని ఎలా తెలుస్తుంది

గులాబీ పువ్వులు చేసేవారికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు. గుత్తి నూనెలో బాగా కాగకపోతే పిండి దాన్ని పట్టుకుని వదలదు, మరీ కాగితే పిండి గుత్తికి అంటకుండానే జారిపోతుంది. వాఫల్ పెనానికి కూడా అటువంటి నడిమి వేడి ఒకటుంది, 190 నుంచి 205 డిగ్రీల సెల్సియస్ వరకు. పోత ఇనుము వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, ఎక్కాక త్వరగా దిగదు. అందుకే పెద్ద మంట మీద తొందరపెట్టకూడదు, అలా చేస్తే నడుమ మాడి అంచులు చల్లగా ఉంటాయి. మూసిన పెనాన్ని మధ్యస్థమైన మంట మీద ఒక వైపు 5 నిమిషాలు, తిప్పి రెండో వైపు 5 నిమిషాలు కాగనివ్వాలి. తెరిచి నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే అవి చుయ్యిమంటూ గళ్లలో ఎగిరి రెండు మూడు క్షణాల్లో ఇగిరిపోవాలి. ఊరికే కూర్చుని మెల్లగా మరిగితే వేడి చాలనట్టు, పెనం నుంచి పొగ లేస్తూ ఉంటే మించినట్టు. మించితే స్టవ్ ఆపి రెండు నిమిషాలు తెరిచి ఉంచితే సరిపోతుంది.

పూయడానికి నేను నెయ్యినే వాడతాను. వెన్నలో ఉండే పాల పదార్థం ఆ వేడికి నల్లబడి గళ్లకు అంటుకుంటుంది, నెయ్యి కాచేటప్పుడే అది గసిగా విడిపోతుంది కనుక మాడదు. డబ్బాలో దొరికే వంట స్ప్రేలలో లెసిథిన్ కలుపుతారు, అది ఇనుము మీద జిగట పొరగా మిగిలి ఎంత కష్టపడి చేసిన సీజనింగ్‌నైనా పాడుచేస్తుంది. గుడ్డను కర్రకు చుట్టి నేతిలో ముంచి, పై పలకకూ కింది పలకకూ పలచగా అద్దితే చాలు.

పిండి

పాత పెనాల గళ్లు లోతు తక్కువ. 1964 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన తరువాత అమెరికాలో బాగా వ్యాపించిన మందపాటి బెల్జియన్ వాఫల్స్ కోసం రాసిన కొలతలు వీటికి ఎక్కువవుతాయి. ఆరేడు వాఫల్స్‌కు 210 గ్రాముల మైదా, 30 గ్రాముల కార్న్‌ఫ్లోర్, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ ఉప్పు, ఒక టేబుల్ స్పూన్ చక్కెర కలిపి జల్లించండి. రెండు గుడ్ల పచ్చసొనలను 360 మిల్లీలీటర్ల పాలతోనూ, కరిగించి చల్లార్చిన 100 గ్రాముల వెన్నతోనూ గిలకొట్టి పొడి పిండిలో పోయండి. ఉండలు కొన్ని మిగిలినా పరవాలేదు, నున్నగా వచ్చేదాకా కలిపితే పిండి సాగి వాఫల్ రబ్బరులా వస్తుంది. తెల్లసొనలను విడిగా నురుగు నిలబడే వరకు గిలకొట్టి, చివరగా పైనుంచి కిందికి మడత పెడుతూ కలపండి. పిండి ఇడ్లీ పిండి కన్నా పలచగా, దోసె పిండి కన్నా చిక్కగా ఉండాలి. కార్న్‌ఫ్లోర్ పైపొరను కరకరలాడిస్తుంది, వెన్న అంటుకోకుండా కాపాడుతుంది. బరువు తగ్గుతుందన్న ఆశతో వెన్న తగ్గించేవారు ఆ తరువాత పుల్లతో గళ్లు గీక్కోవలసి వస్తుంది. చక్కెర కూడా పెంచకండి, తీపి పై నుంచి పోసుకోవచ్చు కానీ పిండిలో ఎక్కువైతే గళ్లలో పాకమై మాడుతుంది.

గుడ్డు తిననివారు 180 గ్రాముల మైదాకు 45 గ్రాముల బియ్యప్పిండి కలిపి, చక్కెర, ఉప్పు, బేకింగ్ పౌడర్ పై కొలతల్లోనే వేసి, అర టీస్పూన్ వంట సోడా చేర్చి, పాలకు బదులు 360 మిల్లీలీటర్ల చిక్కటి పుల్లమజ్జిగ, 75 గ్రాముల కరిగిన నెయ్యి వాడవచ్చు. ఇది కాలడానికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, తొందరపడి తెరిస్తే గుడ్డు వేసినదానికన్నా సులువుగా చీలుతుంది. కొత్తగా సీజనింగ్ చేసిన పెనంలో మొదటి రోజునే దీన్ని ప్రయత్నించవద్దని నా సలహా. బేకింగ్ పౌడర్ వాడుకలోకి రాకముందు వాఫల్ పిండిని ఈస్ట్‌తో పులియబెట్టేవారు. రాత్రి పిండి కలిపి పొద్దున్న పోసుకునే అలవాటున్న మనకు ఆ పద్ధతి కొత్తగా అనిపించదు: 240 గ్రాముల మైదా, ఒక టీస్పూన్ పొడి ఈస్ట్, 420 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, 110 గ్రాముల కరిగిన వెన్న, కాస్త ఉప్పు, చక్కెర కలిపి, పొంగడానికి చోటున్న గిన్నెలో రాత్రంతా మూతపెట్టి ఉంచి, పొద్దున్న రెండు గుడ్లు, చిటికెడు వంట సోడా కలిపి పోయాలి. ఎండాకాలంలో గుంటూరు వంటి చోట మాత్రం రాత్రంతా బయట ఉంచితే మరీ పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టడం మేలు.

పోయడం, తిప్పడం, తీయడం

కాగిన పెనాన్ని తెరిచి, నెయ్యి అద్ది, కింది పలక నడుమ గరిటెడు పిండి, అంటే 120 నుంచి 150 మిల్లీలీటర్లు పోయండి. మన చేతికి దోసె అలవాటు కాబట్టి గరిటెతో తిప్పి పరచాలనిపిస్తుంది. పరచకండి, మూత బరువుకు పిండి తనంతట తానే అంచుల దాకా వెళుతుంది. మూసిన వెంటనే, పది క్షణాలు గడవకముందే, పిడి పట్టుకుని పెనాన్ని ఒకసారి తిప్పేయాలి. అప్పుడు పచ్చిగా ఉన్న పిండి రెండో పలక గళ్లలోకి కూడా జారుతుంది, రెండు వైపులా అచ్చు సరిగా పడుతుంది. అటు రెండు నిమిషాలు, మళ్లీ తిప్పి ఇటు రెండు నిమిషాలు కాలనివ్వండి. తీగ చుట్టల పిడి అయినా, చెక్క పిడి అయినా, అప్పటికి చేతికి కాలుతుంది, మందపాటి గుడ్డ లేకుండా ముట్టుకోవద్దు.

గడియారం కన్నా ఆవిరిని నమ్మడం మంచిది. పోసిన కొద్దిసేపటికి అంచుల నుంచి ఆవిరి గుప్పుమని లేస్తుంది, అది ఉన్నంతసేపు లోపల తడి ఉన్నట్టే. ఆవిరి సన్నగిల్లి దాదాపు ఆగిపోయినప్పుడు పై పలకను వేలెడంత ఎత్తి చూడండి. పట్టు తగిలితే బలవంతం చేయకుండా మూసి ఇంకో అర నిమిషం ఆగండి. కాలిన పైపొర గట్టిపడి కుదించుకున్నాకే గళ్లను వదులుతుంది. దోరగా వేగిన వాఫల్ తానే ఒక పలకను విడిచి రెండోదాని మీద తేలికగా కూర్చుంటుంది, ఫోర్కుతో అంచు లేపితే వచ్చేస్తుంది. మొదటి అట్టు పెనానికేనని మా ఇంట్లో అనేవారు. ఇక్కడ మొదటి రెండింటినీ వదులుకోవడానికి సిద్ధపడితే మూడోదాని నుంచి నిశ్చింతగా ఉండవచ్చు. రెండు వాఫల్స్ నడుమ మూసిన పెనాన్ని ఒక నిమిషం మళ్లీ కాగనివ్వడం మరువకూడదు, ఎందుకంటే చల్లని పిండి పలకల వేడిని లాగేస్తుంది. తీసినవాటిని ఒకదానిపై ఒకటి పేరిస్తే ఆవిరికి మెత్తబడతాయి, తీగల చట్రం మీద విడివిడిగా పెట్టాలి.

వాఫల్ చీలిపోయి అతుక్కుంటే వేడి పెనంలో నీళ్లు పోయకండి, ఇనుము పగులుతుంది. మూసి ఇంకో మూడు నాలుగు నిమిషాలు కాల్చితే అతుకు బొగ్గై ఎండిపోతుంది, వెదురు పుల్లతో తేలికగా రాలిపోతుంది. ఆ చోట నూనె అద్ది ఒక నిమిషం కాచి వాడకం కొనసాగించవచ్చు. బాగా వచ్చిన రోజున సబ్బుతో కడగవలసిన పనే లేదు. పెనం వెచ్చగా ఉండగానే పొడి బ్రష్‌తో పొట్టు దులిపి, నేతి గుడ్డతో ఒకసారి అద్ది, పూర్తిగా చల్లారాక పలకల నడుమ ఒక కాగితం మడిచి పెట్టి, గాలి ఆడేలా కాస్త తెరిచి ఉంచి దాచుకోవాలి. గట్టిగా మూసి నెలల తరబడి పెడితే లోపలి నెయ్యి ముక్కిన వాసన వేస్తుంది, ఆ వాసన తరువాతి నాలుగు వాఫల్స్‌కు పట్టుకుంటుంది.